సిగ్‌ఫ్రిడ్ చర్చిలో ఏడుపు

సిగ్‌ఫ్రిడ్ చర్చి దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగేవారు కాదట. లోపల పసిబిడ్డ దెయ్యం ఏడుస్తుందని దానికి పేరు.

ఒకప్పుడు మా పట్నంలో పేటకో చర్చి ఉండేది. స్వీడన్ రాజు పోపుని కాదని కొత్త మతం పుచ్చుకున్నాక, ఇంత ఊరికి ఒక్కటి చాలన్నారు. మిగతావాటి గంటలు కరిగించారు, రాళ్లు ఇళ్లకి మోసుకుపోయారు. సిగ్‌ఫ్రిడ్ చర్చికి మొండిగోడలూ, నేల కింద పాత పేటవాళ్ల సమాధులూ మిగిలాయి.

సున్నం బట్టీలో పనిచేసే హెమ్మింగ్ పెళ్లాం బోటిల్డా. ఓ చలికాలం ఆమెకి తొలికాన్పు. మగబిడ్డ. బాప్తిస్మం అందకముందే కన్నుమూశాడు.

"బాప్తిస్మం లేని బిడ్డకి సమాధుల దొడ్లో చోటు లేదమ్మా," అన్నాడు పాస్టరు. "గోడ బయట పూడ్చుకోండి."

"కుక్కపిల్లా అయ్యగారూ, బయట పూడ్చడానికి!"

ఆయన తలుపు వేసేసుకున్నాడు.

హెమ్మింగ్ ఇంకా బట్టీ దగ్గరే ఉన్నాడు. బోటిల్డా పచ్చిబాలింత ఒంటితోనే, బిడ్డని శాలువాలో చుట్టి, పార పట్టుకుని బయల్దేరింది. సిగ్‌ఫ్రిడ్ చర్చి నేల కింద ఆమె ముత్తవ్వ ఉంది. ఆవిడ పక్కన పడుకోబెడితే ఎవడు కాదంటాడు?

మంచు... మధ్యాహ్నం దాటగానే కమ్ముకున్న చీకటి. నేల గడ్డకట్టుకుపోయింది. పొడిచిన పార పొడిచినట్టే ఎగిరిపడుతోంది. అరచేతులు చిట్లాయి. అయినా పొడుస్తూనే ఉంది...

అప్పుడు వినపడింది — సన్నగా... ఏడుపు.

పక్కన పెట్టిన మూట వంక చూసింది. కదలిక లేదు. ఏడుపు బలిపీఠం వైపు నుంచి... ఆగి, మళ్లీ...

పారిపోదామని లేచింది. కానీ రొమ్ములు సలిపి, పాలు చేపుకొచ్చాయి.

"ఏడవకు తల్లీ... వస్తున్నా," అని గొణుగుతూ అటే నడిచింది.

బలిపీఠం రాతి కింద గోనెసంచి. సంచిలో ఆడపిల్ల. నీలుక్కుపోయింది... కానీ బతికే ఉంది! ఏ దిక్కులేని పనిపిల్లో కని వదిలిపోయింది.

కొడుకుని తెచ్చి ఆ రాతి కిందే పడుకోబెట్టి, పిల్లని రొమ్ముకి అదుముకుని ఇంటికి పరిగెత్తింది.

"దెయ్యం కాదు హెమ్మింగ్!" మొగుడు గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పింది. "పసిగుడ్డు! చూడు, ఎలా తాగుతోందో!"

హెమ్మింగ్ చూడలేదు. తెరిచిన గుమ్మంలోంచి చర్చి వైపు తిరిగాడు.

"పోయినేడు నేనూ విన్నాను బోటిల్డా... అటుగా పనికి వెళ్లేటప్పుడు ఏడ్చింది. తిరిగొచ్చేటప్పుడు... ఏడవలేదు."