పుణె నుంచి బోధన్‌కు ఎంత దూరం?

హన్మండ్లు బోధన్ దగ్గర తన చెరుకు పొలంలో, మోటారు షెడ్‌లో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక పానా దెబ్బ. ప్రాణం పోయింది మధ్యాహ్నం ఒకటికీ రెండుకీ మధ్య.

శవాన్ని మొదట చూసింది జేసీబీ డ్రైవర్ ఇషాక్. ఆ పొద్దున హన్మండ్లుతో గొడవపడిందీ ఇషాకే. ఇంకేం కావాలి? తెచ్చి లాకప్‌లో పడేశారు.

మర్నాడు ఉదయం స్టేషన్ గేటు దగ్గర ఇషాక్ తల్లి హుసేన్ బీ ఎస్సై లత చేతులు పట్టుకుంది.

"బేటీ, సాయంత్రం నా కొడుకును కోర్టుకు తీస్కపోతరట. ఆడు కోడిని గూడ కొయ్యడు. జర చూడు బిడ్డా!"

లత మెల్లగా చేతులు విడిపించుకుంది. సీఐ పక్కన జీపెక్కింది.

"సర్, హన్మండ్లు మేనల్లుడు ప్రశాంత్ సంగతేంది? పొలం అమ్మమని ఏడాది సంది మామ పానం తీస్తున్నడట."

సీఐ రాజేందర్ నవ్వాడు.

"నిన్న పొద్దున ఎనిమిదింటికి పుణెల ఆఫీసు గేటు కెమెరాల ఉన్నడు. ఐదొందల కిలోమీటర్లు. రోడ్డు మీద పది గంటలు."

"విమానంల?"

"శంషాబాద్‌లనే గద దిగాలె? ఆడికెల్లి మళ్ల నాలుగు గంటలు. మూడింటికి ముందు రానే రాలేడు. వదిలెయ్ లతా."

పొలం గట్టు మీద ప్రశాంత్ ఎదురుచూస్తున్నాడు. రాత్రంతా కారు నడిపి వచ్చాడట. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మామ ప్రాణం పోయిన చోట పెట్టడానికి చేతిలో దీపం.

"రెండేండ్లాయె మేడం, ఈ పొలం తొక్కక" అన్నాడు.

అతను ముందు, పోలీసులు వెనక. నిన్న శవం కోసం వాళ్లు షెడ్ అవతలి రోడ్డు మీంచి వచ్చారు; ఇటు నడవడం ఇదే మొదటిసారి. చెరుకు కోత అయిపోయిన పొలం. ఎటు చూసినా ఎండు ఆకుల చెత్తే. షెడ్ కాస్త దూరంలో ఉందనగా ప్రశాంత్ దీపానికి అరచేయి అడ్డం పెట్టి ఒక్క దుముకు దుమికాడు. వెనకాలే సీఐ అడుగేశాడు.

మోకాలి దాకా బురదనీళ్లు!

"ఓరి నీ!" అన్నాడు సీఐ. లత బూటు ఒకటి అందులోనే ఉండిపోయింది. కానిస్టేబుళ్లు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

లత నవ్వలేదు. జీపు దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి ఫోన్ చేసింది. పావుగంటలో జవాబు వచ్చింది. తిరిగొచ్చేసరికి ప్రశాంత్ దీపం పెట్టి నిలబడి ఉన్నాడు.

"ప్రశాంత్, గక్కడెందుకు దుంకినవు?"

"కాలువ ఉంది గద మేడం."

"చెత్త కింద ఉంటె నీకెట్ల కనబడ్డది?"

"కనబడుడేంది? చిన్నప్పటి సంది తిరిగిన పొలం. నాకు తెల్వదా?"

"గా కాలువ నిన్న పొద్దున పుట్టింది" అంది లత. "ఇషాక్ జేసీబీతోని తీసిండు. గింత లోతు వద్దన్నడు, మీ మామ వినలే. గదే గొడవ. తర్వాత నీళ్లు ఇడిస్తె చెత్తంత తేలొచ్చి మీద పరుసుకున్నది. నిన్న నువ్వు గూడ మా లెక్కనే దిగబడ్డవా?"

ప్రశాంత్ పెదవులు తడుపుకున్నాడు.

"ఎవరో చెప్పిన్రు..."

"ఎవరు?"

ప్రశాంత్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మరి దూరం సంగతి?" అన్నాడు సీఐ, ప్యాంటు పిండుకుంటూ.

"సర్, విమానం అంటె మనకు శంషాబాదే యాదికొస్తది. బార్డర్ దాటితె నాందేడ్ ఉంది. బోధన్‌కు రెండు గంటల తొవ్వ. నిన్న పొద్దటి పుణె విమానంల నాందేడ్‌ల దిగినోళ్లల్ల ఇతని పేరుంది."

ప్రశాంత్ కూలబడ్డాడు. "బతిమాలిన మేడం. కాళ్లు మొక్కిన. పానం పోయినా అమ్మనన్నడు..."

ఆ మధ్యాహ్నమే లాకప్ తలుపు తెరిచారు. హుసేన్ బీ కొడుకు మొహమంతా తడిమి తడిమి ఏడ్చింది. ఇషాక్ మాత్రం లత వైపే చూస్తున్నాడు.

"గింత లోతు తీస్తె కాలువ నిండదు, పొలంలకు నీళ్లెక్కయని నిన్న లొల్లి వెట్టుకున్న మేడం. హన్మండ్లన్నతోని గదే ఆఖరి మాటాయె." చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఎక్కినయా?"

"ఎక్కినయి తమ్మీ" అంది లత. "నా బూటు ఇంకా ఆన్నే ఉంది."