లైనులో వెనక్కి వచ్చింది

సెలవులకు ఇంటిల్లిపాదినీ థీమ్ పార్కుకు తీసుకెళ్ళాలన్న ఆలోచన మొదట ఎవడికి పుట్టిందో గానీ, వాడు దొరికితే నాలుగు తగిలించాలని ఉంది. రోలర్ కోస్టర్ మీద తిరిగేది మూడు నిమిషాలు, దానికోసం నిలబడేది మూడు గంటలు! నెత్తిన ఎండ. స్తంభాలకు తాళ్ళు కట్టి మెలికలు తిప్పిన లైను. ఒక చెవిలో అమ్మ సణుగుడు, ఇంకో చెవిలో నాన్న గొణుగుడు.

అప్పుడు చూశాను. పక్క వరసలో మాకు ఎదురుగా నడిచి వస్తోంది కళ్ళజోడు!

కళ్ళజోడంటే మా కింది అంతస్తు అమ్మాయి. కళ్ళద్దాల షాపులో పని చేస్తుందని నేను పెట్టిన పేరు. నేను లిఫ్టులు బాగుచేస్తాను కాబట్టి ఆమెకు నేను 'లిఫ్టు'ని. ఏడాదిగా ప్రేమించుకుంటున్నాం. ఇంట్లో చెబుదామనుకున్న వారంలోనే మా బాత్రూము నీళ్ళు వాళ్ళ హాలు కప్పులోంచి కారి, టైలరైన వాళ్ళ నాన్న కుడుతున్న కొత్త కోటు మీద పడ్డాయి. అంతే, రెండిళ్ళకీ మాటల్లేవు.

మెలికల లైనులో ఒక సుఖముంది. వరస మారినప్పుడల్లా ముందున్నవాళ్ళు మళ్ళీ మనకు ఎదురుపడతారు.

"ఇక్కడ కూడా తగలడ్డావా?" అంది తాడుకు అటువైపు నుంచి, నా వంక చూడకుండా.

"మా నాన్న లాక్కొచ్చాడు. నువ్వు?"

"నన్ను మంచి చేసుకోవడానికి అమ్మా నాన్నా తీసుకొచ్చారు, అదిగో ముందు నడుస్తున్నారు. అత్తయ్య తెచ్చిన సంబంధానికి సాయంత్రం సరేనని ఫోన్ చేస్తారట."

ఇంకో మాట అడిగేలోపే లైను కదిలి, ఆమె అటు, నేను ఇటు.

మళ్ళీ ఎదురుపడ్డాక అన్నాను: "నాలుగు రోజులు ఆగుదాం. మీ నాన్న కోపం తగ్గనీ."

"ఆగి ఆగి నా ఓపిక అరిగిపోయింది. ఇప్పుడే మా నాన్నకు చెప్పు."

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలో అయితే కొట్టడులే. అంకుల్ అని పిలువు. మొన్న మెట్ల మీద పిలిచినట్టు బాబాయ్ గారూ అన్నావంటే నేనే చంపేస్తా!"

ఆ వరసంతా 'అంకుల్, అంకుల్' అని నెమరేసుకుంటూ నడిచాను. మూడోసారి ఎదురుపడగానే కళ్ళు మూసుకుని అరిచేశాను.

"అంకుల్! మీ అమ్మాయీ నేనూ ప్రేమించుకున్నాం. పెళ్ళి చేసుకుంటాం. కోపముంటే నన్ను తిట్టండి, ఆమెను మాత్రం ఇంకొకరికి ఇవ్వకండి!"

లైను లైనంతా మా వైపు తిరిగింది. అమ్మ సణుగుడు ఠక్కున ఆగిపోయింది.

"ఏం కూశావురా?" అన్నారాయన. వెంటనే కూతురి చెయ్యి పట్టుకుని, "పద. అటు చూడకు" అని లాగారు.

ఆమె చెయ్యి విడిపించుకుంది. తాడు కింద నుంచి వంగి, నా పక్కకు వచ్చి నిలబడింది.

"హలో మేడమ్, మధ్యలో దూరతారేంటి?" అన్నాడు నా వెనకాయన.

"దూరడమేంటి సార్? మీకంటే ముందే ఉన్నా కదా. వెనక్కొచ్చా. మీకేంటి నష్టం?"

ఆయన ఒక అడుగు వెనక్కి జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"ఇంతసేపు నిలబడి వెనక్కెళ్తావా? బుద్ధుందా నీకు? ఇటు రా!" అని వాళ్ళ నాన్న కేక.

"రాను నాన్నా. ఇంకో మూడు గంటలైనా ఇక్కడే నిలబడతా."

వాళ్ళమ్మ నీళ్ళ సీసా తాడు మీదుగా ఆమె చేతికందించి, ఆయన వెనకాలే నడిచింది. మా అమ్మ పక్కకు జరిగి, ఆమెకు కాస్త నీడ ఇచ్చింది.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "భయమేస్తోందా?" అన్నాను.

"వేస్తోంది. అయితే ఏంటి?"

ఆ మాటకు నాకున్న భయం కాస్తా ఎగిరిపోయింది. ఈ పిల్ల కోసం ఎంత లైనులోనైనా నిలబడతాను అనుకున్నాను.

వాళ్ళ నాన్న మళ్ళీ ఎదురయ్యారు. ముఖం తిప్పుకున్నారు. "నాన్నా, టోపీ పెట్టుకో, ఎండ మండిపోతోంది" అంది ఆమె.

కానీ ఆ వరస చివర ఆయన ఆగిపోయారు. వెనకవాళ్ళతో "మీరు వెళ్ళండి" అన్నారు. ఆ తర్వాతి వాళ్ళతోనూ అదే మాట. ఒక కుటుంబం వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది, పిల్లల గుంపొకటి వెళ్ళింది. చివరికి మేం ఆయన దగ్గరికి చేరాం.

కొలతలు తీస్తున్నట్టు నన్ను ఎగాదిగా చూశారు.

"నా మీద ఇంతవరకు ఎవరూ అలా అరవలేదురా."

"సారీ అంకుల్."

"సారీ ఎందుకు? ఆ అరిచేదేదో ముందే అరిచి చావొచ్చుగా." తర్వాత కూతురి వైపు తిరిగి అన్నారు: "సరే. సాయంత్రం మీ అత్తయ్యకి ఫోన్ చేసి, ఆ సంబంధం వద్దని చెప్తాలే."

"సాయంత్రం దాకా ఎందుకు నాన్నా? ఇప్పుడే చెయ్యి. లైను ఎలాగూ కదలట్లేదు."

ఆయన ఆమె వంక గుర్రుగా చూసి, జేబులోంచి ఫోను తీశారు.