నేలమాళిగలో ఆగిన వేసవి

జ్యేష్ఠమాసం... మిట్టమధ్యాహ్నం! ఆరావళి కొండల మీద ఆకాశం కాలిన పెనంలా ఉంది. కాకి కూడా అరవని ఆ క్రూర ముహూర్తంలో, గురుగ్రామ్ శివార్లలోని ఓ పాత జమీందారీ వేసవి విడిది ముందు వైశాలి తన చెల్లెలు సాత్విక చెయ్యి పట్టుకుని నిలబడింది.

కిందటి నెల ఇద్దరూ టికెట్ కొనుక్కుని సరదాగా చూడ్డానికే వచ్చారు. చల్లని నేలమాళిగలో ఒకప్పటి యజమానురాలి మంచం మీద సాత్విక ఫోటో కోసం నడుం వాల్చింది. అంతే... ఆ క్షణం నుంచి అక్కను గుర్తుపట్టదు! గురుగ్రామ్ పక్కనే ద్వారకలోని తమ ఫ్లాట్‌లో ఓ మూల కూర్చుని, ఎవరిదో ముసలి గొంతుతో "ఘర్ జానా హై" అని ఏడుస్తుంది. ఇంట్లోనే ఉన్నావు కదే తల్లీ, ఇంకే ఇంటికి పోతావని అడిగి అడిగి వైశాలి ప్రాణం విసిగిపోయింది. డాక్టర్లా, చేతులెత్తేశారు. అందుకే ఇదంతా మొదలైన ఆ మంచం దగ్గరికే దాన్ని తీసుకొచ్చింది.

"లంచ్ టైం దీదీ, బంద్ హై" అన్నాడు కాపలావాడు.

"నీ లంచ్ పాడుగాను, జరుగు భయ్యా" అంటూ వైశాలి తోసుకుని పోయింది.

నేలమాళిగలో... భరద్వాజ్! ఆ భవనాన్ని చెక్కుచెదరకుండా కాపాడుతున్న మహానుభావుడని అందరూ పొగిడే తెలుగు క్యూరేటర్! అతని ఎదుట రక్తచందనం పూసిన కపాలం... తడిసిన వట్టివేళ్ళ తెరల మధ్య ధూమం సుళ్ళు తిరుగుతోంది.

"ఇది ఈ ఇంటి యజమానురాలి కపాలం. ఆవిడను కట్టి ఉంచినంత కాలం ఈ ఇంటికీ చావు లేదు, నాకూ లేదు. ఆవిడ నిలవడానికి ఓ దేహం కావాలి. మీ చెల్లెల్ని వదిలేసి వెళ్ళండి" అన్నాడు తాపీగా.

"ఘర్ జానా హై..." సాత్విక మూలిగింది.

వైశాలి చుట్టూ చూసింది. పరిచిన పరుపు, విడిచిన జోళ్ళు, దువ్వెన, తెరిచిన పెట్టె... అప్పుడు తట్టింది! వేసవికని వచ్చిన మనిషి వానలు పడగానే పెట్టె సర్దుకుని సొంతింటికి పోవాలి కదా! ఈమెకు నూరేళ్ళుగా ఆ ప్రయాణమే లేదు.

సందర్శకులకు కట్టిన అడ్డుతాడు దాటి పరుపు చుట్టేసింది. జోళ్ళు, దువ్వెన పెట్టెలో కుక్కింది.

"ముట్టుకోవద్దు" అని గావుకేక పెట్టి భరద్వాజ్ మారణమంత్రం అందుకున్నాడు. వైశాలి గొంతు బిగుసుకుపోయింది... కళ్ళు బైర్లు కమ్మాయి... అయినా పెట్టె మూత ధడాలున వేసింది.

"బయల్దేరండమ్మా. వేసవి అయిపోయింది."

ఫెళఫెళార్భాటంతో భూగర్భం కంపించింది! సాత్విక దేహంలోంచి ఓ ధవళాకృతి లేచి భరద్వాజ్ వైపు తిరిగింది. కపాలం భళ్ళున పగిలింది. అతను ఆపి ఉంచిన ఏళ్ళన్నీ ఒక్క పెట్టున అతని మీదే పడ్డాయి... జుట్టు నెరిసింది, చర్మం ముడుచుకుంది, ఎముకలు పొడిపొడి అయ్యాయి... ఓ వికృతమైన ఆర్తనాదం... మిగిలింది పిడికెడు బూడిద!

గాజుల చప్పుడు మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

"అక్కా... ఆకలేస్తోందే" అంది సాత్విక.

వైశాలి దాని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే, దిక్కుమాలినదానా" అని, దాన్ని గట్టిగా వాటేసుకుని భోరుమంది.