పన్నెండు గంటల మాత్ర

రిటైరైన సైఫర్ ఆఫీసరు ఉదయం పది గంటలకు, ఫోన్ చెప్పినట్టే నాలుగు గుండె మాత్రలు మింగి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. డాక్టరు రాసింది అరముక్క.

“నెలలో మూడోవాడు,” అన్నాడు గూఢచారి శాఖ చీఫ్, ఫైలు బల్లమీద పడేసి. “ముగ్గురూ మన పాత కోడ్ సెక్షన్‌ వాళ్లే. ముగ్గురి ఫోన్లలోనూ ఒకటే యాప్. మందు వేళకి అలారం కొడుతుంది.”

“ఎవరిది?” అడిగాడు మాస్టారు. అది కోడ్ నేమ్. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు.

“ఓ కట్టుడు పళ్ల టెక్నీషియన్‌ది. సరదాకి కోడింగ్ నేర్చుకుని, మతిమరుపు అక్క కోసం చేశాడు. ఇప్పుడు పదకొండు వేల మంది వాడుతున్నారు. విదేశీ ముఠా అందులో దూరి డోసు మారుస్తోంది. వాళ్ల మెసేజ్ పట్టాం. నాలుగోవాడికి ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి.”

“ఆ నాలుగోవాడికి చెప్పెయ్యొచ్చుగా?”

“ఎవడో తెలిస్తేగా! యాప్‌లో పేర్లుండవు, నంబర్లే.”

“కోడ్ సెక్షన్‌ జాబితా?”

“సీక్రెట్ కదా అని మనమే తగలబెట్టాం.”

పదకొండున్నరకి మాస్టారు నలిగిన చొక్కాతో, దూది కుక్కిన బుగ్గతో టెక్నీషియన్ ముందు నోరు తెరిచాడు. గదంతా ప్లాస్టర్ పొడి. అరల నిండా ప్లాస్టర్ దవడలు, వాటి మధ్య లాప్‌టాప్.

టెక్నీషియన్ టార్చి వేసి చూశాడు. “ఈ పన్ను కట్టించిందే సార్. కానీ లోపల యాంటెన్నా ఎందుకుంది?”

పాతికేళ్ల సర్వీసులో మాస్టారు ఇంత తొందరగా ఎప్పుడూ దొరికిపోలేదు. కార్డు చూపించి, విషయం నాలుగు ముక్కల్లో చెప్పాడు.

టెక్నీషియన్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. “నా యాప్ వల్ల... ముగ్గురా?”

“కోడ్‌లో ఇంకెవరి చెయ్యి ఉంది?”

“స్క్రీన్లు డిజైన్ చేసే ఆవిడది. ఆన్‌లైన్లో పరిచయం. చాలా మంచిది సార్. అక్కకి కూడా ఫోన్ చేసి పలకరిస్తుంది.”

“థాంక్స్,” అంది ఆవిడ, గుమ్మంలోంచి. ఎర్ర సిల్కు స్కార్ఫు, సైలెన్సర్ పిస్టల్. మాస్టారు గుర్తుపట్టాడు. రెండేళ్లుగా తన పక్క గదిలో పనిచేస్తున్న ఏజెంటే! “కదలకండి మాస్టారూ. ఇంకో ఆరు నిమిషాలే.”

మాస్టారు కదల్లేదు. టెక్నీషియన్ని చొక్కా పట్టి తన ముందుకి లాక్కున్నాడు. గుండు అతని ఎడమచేతిలో దిగింది. ఆవిడ రెండోసారి పేల్చేలోపు మాస్టారు విసిరిన ప్లాస్టర్ దవడ ఒకటి కణతకి తగిలి ఆవిడ కూలిపోయింది.

“సర్వర్ ఆపెయ్,” అన్నాడు, ఆవిడకి బేడీలు వేస్తూ.

“మొత్తమా? అక్కకి ఒంటిగంటకి మాత్రుంది సార్! అలారం మోగకపోతే ఆవిడకి గుర్తుండదు...”

“మనిషిని పంపిస్తాను. సాయంత్రానికి మళ్లీ తెరిపిస్తాను. పూచీ నాది.”

ఒంటిచేత్తో, రక్తం కారుతుండగా టెక్నీషియన్ పాస్‌వర్డ్ కొట్టాడు. ఒకసారి తప్పు. రెండోసారి సరిపోయింది. పన్నెండుకి రెండు సెకన్ల ముందు పదకొండు వేల ఫోన్లు మూగబోయాయి.

నేలమీద నుంచి ఆవిడ నవ్వింది. “మనిషిని పంపిస్తారా? నేనూ ఆ ఆఫీసులోనే పనిచేశాను మాస్టారూ.”

మనిషిని పంపమని మాస్టారు చీఫ్‌ని అడిగాడు. “సర్వర్ ఎవిడెన్స్, సీల్ చేశాం. పంపడానికి మనుషుల్లేరు,” అన్నాడు చీఫ్. మాస్టారు రెండోసారి అడగలేదు. భోజనానికి వెళ్లాడు.

నాలుగో రోజు ఇరుగుపొరుగు అక్క ఇంటి తలుపు బద్దలుకొట్టారు. ఆ పోలీసు రిపోర్టు జేబులో పెట్టుకునే మాస్టారు ఆసుపత్రికి వెళ్లాడు.

“అక్క ఫోనెత్తడం లేదు సార్. మీ మనిషి చూసొచ్చాడుగా?”

“చూశాడు. నువ్వు రెస్టు తీసుకో.”

కారిడార్‌లో ఫోన్ తీసి యాప్ పేజీ తెరిచాడు. రెండు వందల కొత్త రివ్యూలు, అన్నీ ఒకటే స్టారు. ‘బాధ్యత లేని మనుషులు’ అని ఎవరో రాశారు.

నిజమే అనిపించి, మాస్టారు లైక్ కొట్టాడు.