శాంసన్ కొట్టని లాంగ్ బెల్లు

సమోసాల బుట్ట ఇంకా రాలేదు. తొమ్మిదో క్లాసు పిల్లలు హాల్లో రంగు కాగితాలన్నీ కట్టేశారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'పదో తరగతి వీడ్కోలు, 2014' అని రాశారు.

అదీబ్ వెనక బెంచీ మీద కూర్చుని తన స్లామ్ బుక్ తిరగేస్తున్నాడు. క్లాసులో మిగతా నలభై ఒక్కరూ అందులో రాశారు. ఇష్టమైన రంగు, ఇష్టమైన కూర, పెద్దయ్యాక ఏమవుతావు... బెండకాయ కూర ఇష్టమని ఒక్కరూ రాయలేదు. పాపం బెండకాయ!

శాంసన్ పేజీ వచ్చింది. శాంసన్ అంటే అదీబ్‌కు జిగ్రీ దోస్తు. 'నీ కోరిక' అన్నచోట గుండ్రని అక్షరాలతో ఇలా ఉంది:

'ఇయ్యాల ఒక్కసారి బెల్లు కొట్టాలె. ఐదేండ్ల సంది అందరు లాంగ్ బెల్ అని పిలుస్తున్నరు. కొట్టకుండనే పేరొచ్చింది. ఒక్క దెబ్బన్న కొడితే పేరుకు న్యాయమైతది.'

అదీబ్‌కు నవ్వొచ్చింది. కానీ పేజీ తిప్పకుండా మళ్లీ మొదటి నుంచి చదివాడు.

ఇక్కడ ఆ బెల్లు గురించి చెప్పాలి. నిజానికి అది బెల్లే కాదు, రైలు పట్టా ముక్క. వరండా దూలానికి గొలుసుతో వేలాడుతుంది. పక్కన గోడకు మేకు, ఆ మేకుకు ఒక ఇనుప రాడ్డు. ఆ రెండింటికీ అటెండర్ అంజయ్యే రాజు, అంజయ్యే కాపలా. ఆయన అనుమతి లేకుండా ఈగ కూడా వాటి మీద వాలదు.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం ఆ రాజు గద్దె దిగుతాడు. వీడ్కోలు రోజు సాయంత్రం లాంగ్ బెల్లు పదో క్లాసు వాళ్లే కొడతారు. తలా ఒక దెబ్బ. ఆ దెబ్బ కొట్టనిదే బడి పూర్తయినట్టు కాదని పిల్లల లెక్క.

శాంసన్‌కు మాత్రం ఆ దెబ్బ లేదు. బెల్లు కొట్టినవాడికి మళ్లీ రాడ్డు ఇచ్చేది లేదని అంజయ్య ఐదేళ్ల కిందటే ఒట్టు పెట్టుకున్నాడు.

అప్పుడు వీళ్లు ఆరో క్లాసు. బడి తెరిచి వారం కూడా కాలేదు. పొద్దున పదకొండింటికి లాంగ్ బెల్లు మోగింది. లాంగ్ బెల్లు మోగాక బడిలో ఉండేదెవరు? రెండు వందల మంది సంచులు తగిలించుకుని గేటు దాటారు. సాంబారు పొయ్యి మీద ఉడుకుతూనే ఉంది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్షన్ జీపు వచ్చి ఖాళీ బడి ముందు ఆగింది.

అంజయ్య పరుగెత్తుకొచ్చి చూస్తే, పట్టా కింద రాడ్డు పట్టుకుని ఒక పిల్లాడు నిలబడి ఉన్నాడు. సూరారం నుంచి కొత్తగా వచ్చిన శాంసన్. "నేను కొట్టలే. కింద పడుంటే తీసి పెడుతున్న," అన్నాడు. ఎవరు నమ్ముతారు? ఆఫీసరు అంజయ్యను తిట్టాడు. అంజయ్య శాంసన్‌ను తిట్టాడు.

మర్నాడు శాంసన్‌కు 'లాంగ్ బెల్' అని పేరు పెట్టింది అదీబ్.

బెల్లు కొట్టింది కూడా అదీబే.

ఎలా మోగుతుందో చూద్దామని ఒక్క దెబ్బ వేశాడంతే. భలేగా మోగింది. ఇంకొకటి వేశాడు. చేయి ఆగలేదు. అంతలో పిల్లలు బిలబిలా బయటికి రావడంతో రాడ్డు అక్కడే పడేసి గుంపులో కలిసిపోయాడు.

చెబుదామనే అనుకున్నాడు. రేపు అనుకుంటే ఆ రేపు ఎల్లుండి అయ్యేది. ఇంతలో శాంసన్ దోస్తు అయ్యాడు. దోస్తుకు చెప్పడం మరీ కష్టం. అందుకని అదీబ్ దాన్ని కథ చేసేశాడు. కోతలు కోయడంలో వాడికి వాడే సాటి. ఏడో క్లాసుకు వచ్చేసరికి శాంసన్ కొట్టిన మోతకు చెట్ల మీది కోతులు రాలిపడ్డాయి. ఎనిమిదికి షామీర్‌పేట చెరువులో చేపలు గట్టెక్కాయి. తొమ్మిదికి గౌడవెల్లి స్టేషన్లో రైలే ఆగిపోయింది. కథ ఊరినిండా పెరిగింది. నిజం మాత్రం అదీబ్ బొటనవేలి మీది మచ్చంత మిగిలింది. ఆ మచ్చ గురించి ఎవరైనా అడిగితే చేప కరిచిందని ఇంకో కోత కోసేవాడు.

"ఇగ మన అదీబ్ వస్తడు!" మైకులో క్లాస్ లీడర్ నౌరీన్ పిలిచింది. "లాంగ్ బెల్ కత చెప్తడు!"

"జల్దీ చెప్పురా. బుట్ట వచ్చింది, సమోసాలు సల్లగైతయ్," అన్నారు హెడ్మాస్టర్ ఏలియా సార్.

అదీబ్ మైకు పట్టుకున్నాడు. నోరు అలవాటుగా మొదలుపెట్టింది.

"రెండు వేల తొమ్మిది! మన శాంసన్ రాడ్డు ఎత్తిండు. టంగ్! కోతులు ధబధబ..."

హాలంతా నవ్వింది. ముందు వరుసలో శాంసన్ చప్పట్లు కొడుతున్నాడు. కానీ వాడి చూపు గుమ్మం వైపే ఉంది. అక్కడ అంజయ్య చేతిలో రాడ్డుతో నిలబడి ఉన్నాడు.

అదీబ్ నోరు ఆగింది.

"కోతులు పడలే," అన్నాడు.

"మరి రైలు?" ఎవరో అరిచారు.

"రైలు గూడ ఆగలే. అసలు శాంసన్ బెల్లే కొట్టలే. కొట్టింది నేను."

పైకప్పు లేచిపోయేలా నవ్వులు.

"గిది కొత్తగుందిరా! మస్తు చెప్పినవ్!"

నౌరీన్ కళ్లు తుడుచుకుంటోంది. శాంసన్ కూడా నవ్వాడు. "నాకు రాడ్డు ఇప్పియ్యనీకి గింత అబద్ధమా, దోస్త్?"

చూశారా తమాషా! ఐదేళ్లు కోతలు కోస్తే అందరూ నమ్మారు. ఒక్క నిజం చెబితే ఒక్కరూ నమ్మలేదు.

అదీబ్ చెవులు ఎర్రబడ్డాయి. కుడిచేతి బొటనవేలు పైకెత్తాడు.

"గీ మచ్చ చూడుండ్రి. షామీర్‌పేట చెరువుల మేకపిల్లంత చేప కరిసిందని చెప్పిన గద? చేప లేదు, ఏం లేదు. రాడ్డు సివర వంకర మొన ఉన్నది. జారి గీసుకున్నది. రత్తం కారింది. భయమై పడేసి ఉరికిన."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అంజయ్య మెల్లగా ముందుకొచ్చాడు. అదీబ్ వేలు పట్టుకుని రాడ్డు చివర పక్కన పెట్టి చూశాడు. మొన ఎంత వంకరో మచ్చ అంతే వంకర.

"గా దినం రాడ్డు మీద రత్తం చూసిన," అన్నాడు అంజయ్య. "శాంసన్ చేతులకు గీత గూడ లేకుండె. గుస్సల నాకు సోయి లేకపాయె."

శాంసన్ లేచి నిలబడ్డాడు. ఇప్పుడు వాడి ముఖంలో నవ్వు లేదు.

"ఐదేండ్లారా?"

"ఐదేండ్లు."

"పేరు పెట్టింది గూడ నువ్వే గద?"

"నేనే. మాఫ్ చెయ్‌రా."

శాంసన్ కూర్చుని కిటికీ వైపు తిరిగాడు. అదీబ్‌కు భయం వేసింది. అయినా చిత్రంగా, చెప్పులో ఐదేళ్ల నుంచి గుచ్చుకుంటున్న రాయిని దులిపేసినట్టు హాయిగానూ ఉంది.

ఏలియా సార్ గొంతు సవరించుకున్నారు. "అంజయ్యా, రాడ్డు ఎవనికి ఇయ్యనని ఒట్టు పెట్టుకున్నవ్?"

"బెల్లు కొట్టినోనికి సార్."

"మరి కొట్టినోడు ఎవడు?"

అంజయ్య తల గోక్కున్నాడు.

"నాకియ్యకు తాతా," అన్నాడు అదీబ్. "నా దెబ్బ గూడ శాంసన్‌కే ఇయ్యి."

నాలుగుంపావుకు అందరూ వరండాలో వరుస కట్టారు. హాజరు పట్టీలో మొదటి పేరు అదీబ్‌దే. వాడు వెళ్లి వరుస చివర నిలబడ్డాడు. అంజయ్య నేరుగా శాంసన్ దగ్గరికొచ్చి రాడ్డు చేతిలో పెట్టాడు.

"కొట్టు బిడ్డా. గట్టిగ కొట్టు."

శాంసన్ కొట్టాడు. టంగ్! దూలం మీది దుమ్ము అంజయ్య నెత్తిన రాలింది. ఆయన దులుపుకోలేదు.

"ఇంకో దెబ్బ ఉంది నీది," అన్నాడు.

శాంసన్ రాడ్డు వైపు చూశాడు. వరుస చివరికి చూశాడు. రెండో దెబ్బ కొట్టకుండా రాడ్డు నౌరీన్‌కు ఇచ్చాడు. ఆమె కొట్టింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. నలభై ఒక్క దెబ్బలయ్యాయి.

శాంసన్ రాడ్డు తెచ్చి అదీబ్ ముందు చాపాడు.

"దా."

"తాత ఒట్టు..."

అంజయ్య గబుక్కున అటు తిరిగి సమోసాల బుట్ట వైపు చూశాడు. "నాకు గీడికెల్లి ఏం కనవడ్తలేదు. ముసలి కండ్లు!"

"కొట్టు," అన్నాడు శాంసన్. "ఈసారి పడేసి ఉరకకు."

అదీబ్ కొట్టాడు. ఒక్కటే దెబ్బ. ఆ మోత తగ్గుతుండగానే స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. ఆరో క్లాసు పిల్ల ఒకతె మునివేళ్ల మీద లేచి అడిగింది.

"అన్నా, అన్నా! రైలు ఆగిందా?"

అందరూ అదీబ్ ముఖమే చూస్తున్నారు.

"ఆగలే," అన్నాడు అదీబ్. "పోతాంది."

తర్వాత గోడ దగ్గరికి వెళ్లి రాడ్డును మేకుకు తగిలించాడు. కదిలించి చూశాడు. పడదని తేలాకే చేయి తీశాడు.

వెనక నుంచి శాంసన్ వాడి మెడ చుట్టూ చేయి వేశాడు.

"నడువ్‌రా లాంగ్ బెల్లూ! సమోసాలు అయిపోతయ్."

"వస్తున్న," అన్నాడు అదీబ్.