తెర లోపలి ఆవిరి

టీవీ కొనడానికి వెళ్ళేవాళ్ళు క్రికెట్ పెట్టించి చూస్తారు, లేదంటే దుకాణంవాడు చూపించే రంగురంగుల చేపలకు మురిసిపోతారు. బుచ్చిరాములు మాత్రం చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని వెళ్ళాడు. అందులో ఉన్నది రెండు నిమిషాల వీడియో ఒక్కటే.

2021 జూన్. సూరత్‌లో సెకండ్ వేవ్ కాస్త నెమ్మదించి, దుకాణాలు భయం భయంగా తెరుస్తున్న రోజులు. మగ్గాల బస్తీ నవాగామ్ నుంచి కూతురు వర్షిణిని వెంటబెట్టుకుని మధ్యాహ్నం మూడింటికి అంబదాస్ టీవీల దుకాణానికి వచ్చాడు. బయట ముసురు. షట్టర్ సగానికి దించి ఉంది. లోపల థర్మాకోల్ వాసన, శానిటైజర్ వాసన కలగలిసి ఉన్నాయి. గోడ నిండా టీవీలు. అన్నింటిలోనూ ఒకే చేప ఒకేసారి తోక ఊపుతోంది. అంబదాస్ కూడా మన తెలుగు మగ్గాల కులపోడే కాబట్టి స్టూల్ వేసి కూర్చోబెట్టి మర్యాద చేశాడు. అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకు టీవీ కావాలని బుచ్చిరాములు చెప్పాడు. వర్షిణికి పదిహేడేళ్ళు. అది అబద్ధమని ఆ పిల్లకు తెలుసు.

ఏప్రిల్‌లో బుచ్చిరాములు భార్య సత్తవ్వ ఆస్పత్రిలో చేరింది. ఆరో రోజు ఆమె పోయిందని ఫోన్ వచ్చింది. తెల్ల సూట్లవాళ్ళు ఆమెను సంచిలో చుట్టి శ్మశానానికి తీసుకుపోయారు. ఈయన్ను గేటు దగ్గరే ఆపేశారు. కాళ్ళావేళ్ళా పడితే వాళ్ళలో ఒకతను జాలిపడి, తన ఫోన్‌తో వీడియో తీసి పంపాడు. అదే ఆ రెండు నిమిషాలు.

సత్తవ్వ సంగతి కొంచెం చెప్పాలి. పాతికేళ్ళు పవర్‌లూమ్ కార్ఖానాలో మొగుడి పక్కన పనిచేసిన మనిషి. ఆ మోతలో మాట వినపడదు. అందుకని ఎవరు పిలిచినా నోటితో పలికేది కాదు, చేతికి అందినదాన్ని రెండుసార్లు తట్టేది. ఇంట్లోనూ అదే అలవాటు. గిన్నె మీదో తలుపు మీదో టక్, టక్. వస్తున్నానని అర్థం. మోత లేని ఇంట్లో ఈ తట్టుడేమిటని వర్షిణి ఎప్పుడూ ఆటపట్టించేది.

ఇప్పుడు బుచ్చిరాములును లోలోపల తినేస్తున్నది ఆమె చావు ఒక్కటే కాదు, జరగని దింపుడు కల్లం. పాడెను దారిలో దించి, పేరు పెట్టో వరస పెట్టో అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే మూడో పిలుపుకు పలుకుతుందని. మనం దింపుడు కల్లం ఆశ అని మాటవరసకు అనేస్తుంటాం గానీ, ఆయనకది మాటవరస కాదు. చిన్నప్పుడు ఆయన సొంత మేనత్త మూడో పిలుపుకు కళ్ళు తెరిచింది. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికి ఆయన పెళ్ళిలో పప్పన్నం వడ్డించింది.

సత్తవ్వను ఎవరూ పిలవలేదు. పిలవకుండానే మంటల్లోకి పంపారు. అప్పటికి ప్రాణం పోయిందా, లేదా? అదొక్కటి తెలియక రెండు నెలలుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఫోన్‌లో పెసరగింజంత కనిపించే ఆ ముఖాన్ని పెద్దగా, స్పష్టంగా చూస్తే తెలిసిపోతుందని నమ్మాడు. అందుకే ఈ టీవీ.

అంబదాస్ పెన్‌డ్రైవ్‌ను ముందు చిన్న టీవీకి పెట్టాడు. చేప మాయమై తెల్లటి మూట కనిపించింది. అదేమిటో అర్థం కాగానే అతని చెయ్యి రిమోట్ మీదే ఆగిపోయింది.

"ఇంకా సాఫ్ కనబడేది పెట్టు తమ్మీ," అన్నాడు బుచ్చిరాములు.

తర్వాతి టీవీలో సంచి ముడతలు కనిపించాయి. మణికట్టు దగ్గర అంటించిన చీటీ కనిపించింది. చాలదన్నాడు. చివరికి గోడ మధ్యలో ఉన్న ఫోర్‌కే టీవీకి పెట్టారు. దుకాణంలో అంతకు మించింది లేదు.

సంచికి ముఖం దగ్గర కుట్టిన ప్లాస్టిక్ వెనక సత్తవ్వ కనిపించింది. నుదుటి మీద పచ్చబొట్టు. ముక్కుపుడక తీసేసిన చోట చిన్న రంధ్రం. పెదవుల దగ్గర, ప్లాస్టిక్ మీద... తెల్లగా ఏదో మసక.

మసక పెద్దదైంది. చిన్నదైంది.

మళ్ళీ పెద్దదైంది.

ఐస్ పెట్టెలోంచి తీసిన శరీరం కదా, వేడికి చెమ్మ పట్టి ఉంటుందని అంబదాస్ గొణిగాడు. వీడియో క్వాలిటీ అలాంటిదని వర్షిణి అంది. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. వీడియో మాత్రం ఆగలేదు.

బుచ్చిరాములు టీవీ ముందు గొంతుక్కూర్చున్నాడు. మాస్కు కిందికి లాగి, తెరలో ఆమె చెవి ఉన్న చోటికి నోరు ఆనించాడు.

"సత్తవ్వా..."

షట్టర్ మీద వాన చినుకుల చప్పుడు. ఇంకేమీ లేదు.

"సత్తవ్వా..."

మసక ఒక్కసారిగా ప్లాస్టిక్ అంతా కమ్మేసింది. ఎక్కడినుంచో... కాలుతున్న ప్లాస్టిక్ వాసన. మూడోసారి పిలవబోతుంటే వర్షిణి వెనకనుంచి వచ్చి ఆయన నోరు గట్టిగా మూసింది.

"వద్దు పప్పా," అంది చెవిలో. "మమ్మీ పలికిందనుకో. అప్పుడేం జేస్తవ్?"

బుచ్చిరాములు తెర నుంచి వెనక్కి జరిగాడు. పలక్కపోతే చాలు, గుండె మీది బరువు దిగిపోతుందనుకున్నాడు. పలికితే? అంటే ఆ రోజు కూడా పలికి ఉండేదనే కదా. ఆ సంగతి ఆయన ఇంతవరకు ఆలోచించనే లేదు. కూతురి చేతుల్లో చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

వర్షిణి పెన్‌డ్రైవ్ లాగేసి చెప్పు మడమ కింద పెట్టి నలిపేసింది. ఫోన్‌లోని వీడియో కూడా తుడిచేసింది. టీవీ కొనకుండా తండ్రిని ఇంటికి తీసుకెళ్తే రేపు మళ్ళీ ఏదో ఒక దుకాణానికి పరిగెత్తుతాడని తెలుసు. ఒక మూల దుమ్ము పట్టి ఉన్న అన్నిటికన్నా చిన్న టీవీని చూపించింది.

"అది పాత మోడల్, బేటీ. దాంట్ల ముఖాలు సాఫ్ కనబడయి," అన్నాడు అంబదాస్.

"గదే కావాలె, అంకుల్."

ఆటోలో ఇల్లు చేరేసరికి ఆరయింది. ఒక్క గది, వెనక చిన్న వంటిల్లు. సత్తవ్వ ట్రంకుపెట్టె మీద టీవీ నిలబెట్టాడు. ఏదైతేనేం, ఇక చూడడానికి ఏమీ లేదు, అయిపోయింది అనుకున్నాడు. వర్షిణి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆయన ప్లగ్గు చేతిలో పట్టుకుని, స్విచ్చు బోర్డు కోసం వెతుక్కుంటూ ఒకసారి తెర వైపు చూశాడు.

నల్లటి తెర నడుమ అరచేయంత తెల్లటి మసక.

వాన చెమ్మేమో అనుకున్నాడు. భుజం మీది తువ్వాలతో తుడిచాడు. పోలేదు. గట్టిగా రుద్దాడు. తువ్వాల పొడిగానే ఉంది. మసక తెరకు అవతలి వైపున ఉంది.

అది పెద్దదైంది. చిన్నదైంది. మళ్ళీ పెద్దదైంది... కాలుతున్న ప్లాస్టిక్ వాసన గదిలో నెమ్మదిగా నిండుతోంది.

రెండు పిలుపులు అయిపోయాయి. మూడోది మిగిలి ఉంది. ఆమె దానికోసమే ఎదురుచూస్తోందని ఆయనకు అర్థమైంది. పిలవకూడదు... పిలవకూడదు... తువ్వాల నోట్లో కుక్కుకుని పళ్ళు బిగించాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నా నోరు విప్పలేదు.

టీ గ్లాసుతో వచ్చిన వర్షిణి గడప దగ్గరే ఆగిపోయింది. తండ్రి వంక చూసింది. తెర వంక చూసింది. తల్లి పోయిననాటి నుంచి కంటతడి పెట్టని పిల్ల. ఇల్లంతా తనే మోసింది, తండ్రిని తనే మోసింది. దుకాణంలో ఆయన నోరు మూసింది కూడా తనే.

ఆ పిల్ల పెదవులు కదిలాయి.

"మమ్మీ...?"

మసక పెరగడం ఆగింది. తగ్గడం కూడా ఆగింది. వీధిలో మగ్గాల మోత దూరంగా వినిపిస్తూనే ఉంది.

టక్... టక్...

తెర లోపలి నుంచి.

ప్లగ్గు బుచ్చిరాములు చేతిలోంచి జారి నేలమీద పడింది. సత్తవ్వ ఎప్పుడు పలికినా రెండుసార్లే తట్టేది. ఈసారి రెండుతో ఆగలేదు.