ఒక కంప్యూటర్, ఇద్దరు కాపలాదారులు

టింగ్‌మని ఒక పాప్-అప్ మోగింది. ఆ సాయంత్రమే విజయకుమార్ ప్రాణం పోయింది.

గుడియాత్తంలో లుంగీల ఎగుమతి ఆఫీసు ముసుగులో ఒక విదేశీ ముఠా స్థావరం నడుపుతోంది. ఏజెంట్ విజయకుమార్ మెకానిక్ వేషంలో వెళ్ళి అక్కడి కంప్యూటర్లో నిఘా ఫైల్ ఎక్కించాడు. ఏ హానీ చేయని ఫైల్. అయినా యాంటీవైరస్ దాన్ని దొంగ అనుకుంది. యజమాని పొన్నుస్వామి కళ్ళెదుటే 'థ్రెట్ డిటెక్టెడ్' అని కేక పెట్టింది. శవం పేర్ణాంబట్టు రోడ్డు పక్కన దొరికింది.

నెల తిరక్కముందే అతని చెల్లెలు, ఏజెంట్ మేనక, వేలూరు కోట ఎదుటి టీ కొట్టులో చీఫ్ సుబ్రమణ్యాన్ని కలిసింది.

"శుక్రవారం మూడుకి పొన్నుస్వామి ఎంటర్ నొక్కితే ఇక్కడ ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్లన్నీ ఆగిపోతాయి. రెయిడ్ చేస్తే, మనం తలుపు తట్టేలోపే నొక్కేస్తాడు. నువ్వే ఆపల్ల. వాణ్ణి ప్రాణాలతో తేవల్ల."

"ప్రాణాలతోనా సార్?"

"ప్రాణాలతోనేమ్మా."

"లోపల మనోళ్ళు ఎవరు?"

"జెసింత. ముఠా పంపిన ఆడిటర్. మనకూ పనిచేస్తాది. ఎవరికి ఎక్కువ చేస్తాదో నాకే తెలీదు."

శుక్రవారం మధ్యాహ్నం మేనక సాఫ్ట్‌వేర్ సేల్స్‌గర్ల్‌గా ఆ ఆఫీసు మెట్లెక్కింది. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ. దాని కింద కలబంద. దాని కింద నిమ్మకాయ, మిరపకాయలు. పొన్నుస్వామి ఎలాంటివాడో ఆమెకు అక్కడే అర్థమైపోయింది.

లోపల ఎర్ర పట్టుచీరలో వెలిగిపోతున్న మనిషి నవ్వింది.

"ఆర్కాడు మక్కన్ పేడా తింటారా?"

"షుగరండీ. వాసన చాలు."

కోడ్ కుదిరింది. ఆమే జెసింత.

"యాంటీవైరస్ కావాలా సార్?" అంది మేనక పొన్నుస్వామితో.

"ఒకటి ఉండాది. పో అమ్మా."

"వాకిట్లో దిష్టికి ఒకటే కట్టినారా సార్?"

పొన్నుస్వామి గుమ్మం వైపు చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే. సెరి, ఎక్కించు. ఇవాళ పెద్ద పని ఉండాది."

మేనక లిప్‌స్టిక్ మూత తీసి, అందులోని పెన్‌డ్రైవ్ గుచ్చింది. పాత యాంటీవైరస్ వెంటనే టింగ్‌మంది. పొన్నుస్వామి విసుక్కుంటూ, రానిమ్మని 'అలో' బటన్ నొక్కాడు. మేనక గోళ్ళు అరచేతిలో దిగబడ్డాయి. అన్న ఫైల్‌కి ఆ ఒక్క నొక్కు దొరకలేదు.

మూడు కొట్టింది. పొన్నుస్వామి ఎంటర్ నొక్కాడు.

అంతే, రెండు యాంటీవైరస్‌లూ జుట్లు పట్టుకున్నాయి. పాతదాన్ని కొత్తది వైరస్ అంది. కొత్తదాన్ని పాతది దొంగ అంది. వెంటిలేటర్లని ఆపే ఎటాక్ ఫైల్ ముందు నాకంటే నాకని రెండూ గుంజుకున్నాయి. ఫ్యాన్ ఊళ పెట్టింది. మౌస్ కదల్లేదు. చివరికి కొత్తది గెలిచి ఫైల్‌ని తుడిచిపారేసింది.

"అయ్యయ్యో, యాడికి పోయింది?"

చల్లటి తుపాకీ పొన్నుస్వామి మెడకు తగిలింది.

"నేను విజయకుమార్ చెల్లెల్ని." మేనక వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది.

అప్పటికే జెసింత ఫోన్లో విదేశీ బాస్‌తో తాపీగా ఇంగ్లీషులో మాట్లాడుతోంది: ఫైల్‌ని పొన్నుస్వామే చెరిపేశాడు, మనల్ని అమ్మేశాడు. ఫోన్ పెట్టేసి మేనక వైపు తిరిగింది.

"తూటా దండగ. వాళ్ళకిప్పుడు వీడే వైరస్."

పొన్నుస్వామి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ముఠా ద్రోహుల్ని ఏం చేస్తుందో అతనికి తెలుసు. అతనే చేయించేవాడు.

మేనక తుపాకీ దించి తలుపు బార్లా తీసింది. "ఇంటికి పోండి సార్. పేర్ణాంబట్టు బస్సు ఇప్పుడే వస్తాది."

అతను కదల్లేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అరెస్ట్ చేయి తల్లీ! మీ అన్నని నేనే చంపించినా. యాడైనా చెప్తా. నన్ను లోపలెయ్యి!"

"మళ్ళీ చెప్పు. గట్టిగా."

చెప్పాడు. వీధి చివరిదాకా వినిపించేలా చెప్పాడు.

సుబ్రమణ్యం జీపు తెచ్చేసరికి, సంకెళ్ళు వేసుకోవడానికి పొన్నుస్వామి చేతులు చాచి సిద్ధంగా ఉన్నాడు. ఎక్కాక, తలుపు సరిగ్గా తాళం పడిందో లేదో ఒకసారి చూడమని బతిమాలాడు.